నీటి ఒడ్డున అపార్ట్‌మెంట్లు కట్టాలంటే డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో మీ ముగ్గురు భాగస్వాములకు ఆరెకరాల స్థలం ఉంది. మూడు టవర్లు, వాటి కింద రెండు అంతస్తుల సెల్లార్ పార్కింగ్, నీటి వైపు తోట, స్విమ్మింగ్ పూల్ అనుకుంటున్నారు. ప్రతి ఫ్లాట్‌ నుంచీ నీళ్లు కనబడాలన్నది మీ పట్టుదల. ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లేముందు మీలో మీరు ఏమేం తేల్చుకోవాలని అడిగారు.

ముందు మట్టాలు తేల్చుకోండి. ప్లాన్ ఆ తర్వాత. నీళ్లు ఎక్కడిదాకా లేస్తాయి, నేల కింద ఎంత లోతులో ఊట ఉంది, మీ మొదటి నివాస అంతస్తు ఎంత ఎత్తులో ఉండాలి, కార్లు ఎక్కడ, కరెంటు గది ఎక్కడ అన్నవి ఒకే నిలువుకోత బొమ్మ మీద పెట్టి చూడండి. ఆ బొమ్మ సరిగ్గా కుదిరితే టవర్లను ఎటు తిప్పాలి, వ్యూ ఎలా రాబట్టాలి అన్నది రెండు వారాల పని. ఆ బొమ్మ లేకుండా వ్యూతో మొదలుపెట్టిన ప్రాజెక్టులు పునాది దశలో మళ్లీ మొదటికి రావడం చాలాసార్లు చూశాను. రెండో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను: రెండు అంతస్తుల సెల్లార్ ఆలోచన మానుకోండి.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఇరవయ్యేడేళ్ల పనిలో సగానికి పైగా నదుల పక్కన, సముద్రం ఒడ్డున, పాత రేవుల్లో కట్టిన భవనాలే. కారణాలు ఒక్కొక్కటిగా చెప్తాను.

సెల్లార్ సంగతి

నేల కింద నీటిమట్టానికి దిగువన మీరు కట్టే ఏ పెట్టె అయినా పడవలాంటిదే. నీళ్లు దాన్ని పైకి నెడతాయి. లెక్క సులువు: నీటిమట్టానికి ప్రతి మీటరు కిందికి వెళ్లేకొద్దీ చదరపు మీటరుకి ఒక టన్ను చొప్పున తోపుడు పెరుగుతుంది. రెండు సెల్లార్లంటే రాఫ్ట్ (భవనం కింద మొత్తం పరిచే మందపాటి కాంక్రీటు పునాది పలక) అడుగు ఊట మట్టానికి ఏడు మీటర్లు కింద ఉంటుందనుకోండి, చదరపు మీటరుకి ఏడు టన్నులు కింద నుంచి పైకి నెడుతున్నాయన్నమాట. టవర్ కింద ఇబ్బంది లేదు. ఒక్కో అంతస్తు చదరపు మీటరుకి టన్ను పైనే బరువు వేస్తుంది కాబట్టి పదిహేను అంతస్తుల టవర్ దాన్ని సులభంగా అదిమి పెడుతుంది. మరి టవర్లకు మధ్యనున్న జాగా? అక్కడ సెల్లార్ మీద తోట, పూల్ మాత్రమే ఉంటాయి. ఆ బరువు చాలదు. టవర్ కింద రాఫ్ట్ దిగుదామని చూస్తుంది, పక్కది లేద్దామని చూస్తుంది. ఆ రెండింటి మధ్య కీలు దగ్గర పగుళ్లు, పగుళ్ల గుండా ఊట. దీనికి మందు ఉంది: రాఫ్ట్‌ను కిందికి లాగిపట్టే పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు), లేదా నేలలోకి దించే యాంకర్లు. కానీ మీరు ఖర్చు రాసుకున్న పట్టికలో అవి ఉండి ఉండవని నా అనుమానం.

కట్టేటప్పుడు ఇంకో ప్రమాదం. భవనం బరువు చాలినంత అయ్యేదాకా చుట్టూ బావులు తవ్వి, రాత్రింబవళ్లు పంపులతో నీళ్లు తోడుతూనే ఉండాలి. నా పని మొదలైన కొత్తల్లో ఒక సైటులో వర్షాల రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఆన్ కాలేదు, కాపలా మనిషి నిద్రపోయాడు. తెల్లారి వెళ్లి చూస్తే రాఫ్ట్ ఒక మూల అరచేయి మందం లేచి ఉంది. నాలుగు నెలల పని పోయింది. అప్పటి నుంచి నా డ్రాయింగుల మీద పంపులు ఎప్పుడు ఆపవచ్చో అంతస్తు నంబరుతో సహా రాస్తాను, రెండో జనరేటర్ లేకుండా తవ్వకం మొదలుపెట్టనివ్వను.

ఇంత తిప్పలు పడి కట్టినా సెల్లార్‌కి వరద భయం ఉండనే ఉంటుంది. ర్యాంప్ నోటి దగ్గర ఒక్కసారి నీళ్లు దాటాయంటే రెండంతస్తులూ గంటల్లో నిండుతాయి.

మరి కార్లు ఎక్కడ పెట్టాలి? జర్మనీలోని హాంబర్గ్ నగరం పాత రేవు ప్రాంతాన్ని హాఫెన్‌సిటీగా మార్చేటప్పుడు చేసిన పని గమనించండి. 1962 వరదలో ఆ నగరంలో 300 మందికి పైగా చనిపోయారు. కొత్త పేటను కరకట్టకు బయటే కట్టారు. చుట్టూ కొత్త గోడ లేపడానికి బదులు భవనాలనూ రోడ్లనూ సముద్ర మట్టానికి సుమారు 8 మీటర్లు, అంతకంటే పై ఎత్తున ఉన్న దిమ్మెల మీదికి ఎక్కించారు. ఆ దిమ్మెల కడుపులోనే పార్కింగ్. నీటి అంచున నడిచే బాటలు మాత్రం కిందే వదిలేశారు. పెద్ద పోటు వచ్చినప్పుడు అవి మునుగుతాయి, పోటు తీయగానే కడుక్కుని మళ్లీ వాడుకుంటారు. మీకు కూడా ఇదే సరిపోతుంది. నేల మీదే ఒకటిన్నర అంతస్తు పార్కింగ్ కట్టి, దాని కప్పు మీద తోట, స్విమ్మింగ్ పూల్ పెట్టి, అక్కడి నుంచి నివాస అంతస్తులు మొదలుపెట్టండి. మీ మొదటి అంతస్తు ఫ్లాటు కూడా ఎత్తు మీద ఉంటుంది కాబట్టి వ్యూ కలిసొస్తుంది. ఒడ్డున నడిచేవాళ్లకి పడకగది కిటికీలోంచి లోపల కనబడే బెడద కూడా తప్పుతుంది.

ముంపు మట్టం ఎలా తీసుకోవాలి

"వందేళ్లకోసారి వచ్చే వరద" అన్న మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. దాని అసలు అర్థం ఏ సంవత్సరంలోనైనా ఆ మట్టం దాటే అవకాశం నూటికి ఒకటి అని. ముప్పై ఏళ్ల గృహరుణం తీరేలోపు అది కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. భవనం డెబ్భై ఏళ్లు నిలబడాలనుకుంటే నూటికి 50. అంటే బొమ్మా బొరుసూ.

ఆ మట్టం మీద సముద్రం పెరుగుదల కలుపుకోవాలి. 1901 నుంచి 2018 లోపు ప్రపంచవ్యాప్తంగా సగటు సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు లేచింది. 2006-2018 మధ్య వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. ఈ వేగం ఇలాగే ఉన్నా డెబ్భై ఏళ్లకి 26 సెంటీమీటర్లవుతుంది, వేగమేమో పెరుగుతూనే ఉంది. అల గోడకు కొట్టుకుని పైకి ఎగిసే ఎత్తు మళ్లీ వేరు. మట్టి పోసి పూడ్చిన నేల అయితే అది తనంతట తాను దిగడం కూడా లెక్కలో ఉండాలి. ఇవన్నీ కలిపి, పైన ఇంకో అర మీటరు నుంచి మీటరు దాకా వెసులుబాటు ఉంచి నేను నివాస అంతస్తు మట్టం పెడతాను. స్థానిక నిబంధన అంతకంటే తక్కువకు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

మట్టం ఖాయమయ్యాక యంత్రాలన్నీ దానికి పైన ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెల్ బోర్డులు, జనరేటర్, నిప్పు ఆర్పే పంపు, తాగునీటి పంపు, అన్నీ. 2012లో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు ఎన్నో ఎత్తైన భవనాల్లో ఫ్లాట్లకు చుక్క నీరు తగల్లేదు. అయినా సెల్లార్లలోని కరెంటు పరికరాలు మునగడంతో రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి జనం ఇళ్లల్లో ఉండలేకపోయారు. ఇరవయ్యో అంతస్తులో లిఫ్టు లేక, నీళ్లెక్కక, వయసు మళ్లినవాళ్లు ఎలా గడుపుతారు? ఒక ప్రాజెక్టులో కరెంటు గదిని మొదటి అంతస్తులోకి తెమ్మంటే, అమ్ముకోగలిగిన ఒక ఫ్లాటు పోతుందని అమ్మకాల వాళ్లు నాతో చాలా గొడవపడ్డారు. పట్టు వదల్లేదు. ఆరేళ్లకి కింద నడుము లోతు నీళ్లొచ్చాయి, ఆ భవనంలో లైట్లు ఒక్క గంట కూడా ఆరలేదు.

చిన్నవి మూడు: లిఫ్టు గుంతలో నీటిని పసిగట్టి లిఫ్టును పైకి పంపే ఏర్పాటు, మురుగు పైపులోంచి నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వులు, వాన నీటి కాలువ నదిలోకి దిగే చోట పోటు సమయంలో మూసుకునే తలుపు. ఇవి డ్రాయింగు మీద కంటికి ఆనవు, అందుకే మర్చిపోతారు.

ఒడ్డు గోడ ఎవరిది?

ఈ ప్రశ్న మీరు అడగలేదు. కానీ మీ స్థలంలో పాత రాతి గోడ ఉందని రాశారు కాబట్టి అన్నిటికంటే ముందు దాని చరిత్ర తవ్వండి. రాతి గోడ వెనక తర్వాతెప్పుడో ఇనుప రేకుల గోడ దించి ఉండవచ్చు. ఆ గోడను నిలబెట్టే ఇనుప కడ్డీలు భూమిలో పది, పదిహేను మీటర్లు లోపలికి వచ్చి ఉండవచ్చు. మీ పైలింగ్ మిషన్ వాటిని తెంపిందంటే గోడ నీటిలోకి ఒరుగుతుంది. నేను పనిచేసిన ఒక చోట పాత డ్రాయింగు ఏ ఆఫీసులోనూ దొరకలేదు. చేత్తో గుంతలు తవ్వించి ఒక్కో కడ్డీనీ వెతికి గుర్తుపెట్టి, పైల్స్ స్థానాలు మార్చాల్సి వచ్చింది.

ఇలాంటి గోడ ఆయుష్షు భవనం ఆయుష్షు కంటే తక్కువ. ముప్పై, యాభై ఏళ్లకి దాన్ని మళ్లీ కట్టాలి. ఆ రోజు క్రేన్ ఎక్కడి నుంచి వస్తుంది? పూల్‌నీ క్లబ్ హౌస్‌నీ గోడకు ఆనించి కడితే దారే ఉండదు. అందుకే గోడ వెంబడి కనీసం ఆరు మీటర్లు బరువైన కట్టడం ఏదీ లేకుండా వదలండి, నడక బాటగా వాడుకోండి. ఆ గోడ రేపు ఫ్లాట్ల యజమానుల సంఘం ఆస్తి అవుతుందా, ప్రభుత్వానిదా అన్నది కాగితం మీద తేలాలి. సంఘానిదే అయితే దాని మరమ్మతు నిధి మొదటి నెల నిర్వహణ చందా నుంచే జమ కావాలి. గోడ విషయంలో ఇంకొకటి: నిటారుగా నున్నగా కడితే అల తిరిగి కొట్టి గోడ పాదం దగ్గర మట్టిని తవ్వుకుపోతుంది. జాగా ఉంటే వాలుగా రాళ్లు పేర్చడమే మేలు, వాటి సందుల్లో చేపలూ పీతలూ చేరతాయి.

పూడ్చిన నేల అయితే భూకంపం సంగతి కూడా చూడాలి. 1995లో జపాన్‌లోని కోబే భూకంపంలో సముద్రాన్ని పూడ్చి కట్టిన రేవు దీవుల్లో తడి ఇసుక బురదలా పారి, ఒడ్డు గోడలు మీటర్ల కొద్దీ సముద్రం వైపు జరిగాయి. లోతైన పైల్స్ మీద నిలబడ్డ భవనం కదలకపోయినా చుట్టూ నేల కుంగిపోతుంది, నీళ్ల పైపులూ మురుగు పైపులూ గోడ దగ్గర తెగుతాయి. భూకంపం రాకపోయినా పూడ్చిన నేల మెల్లగా దిగుతూ ఇదే పని చేస్తుంది. పైపులు భవనంలోకి వచ్చే చోట వంగే జాయింట్లు పెట్టించండి.

ఉప్పు

కాంక్రీటు లోపల ఇనుప చువ్వ తుప్పు పట్టకుండా ఉండటానికి కాంక్రీటుకున్న క్షారగుణమే కాపలా. ఉప్పు గాలిలోని క్లోరైడ్ మెల్లగా లోపలికి ఇంకి ఆ కాపలాను తీసేస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు జాగా తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే భాగం కంటే, తడుస్తూ ఆరుతూ ఉండే భాగం ముందు పాడవుతుంది. అందుకని చువ్వ మీద కాంక్రీటు కవర్ 50 మిల్లీమీటర్లు, నీళ్లు ఎగిసిపడే చోట 75 దాకా అడగండి. స్లాగ్ (ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం పొడి) కలిసిన సిమెంటు వాడమనండి, నీరు-సిమెంటు నిష్పత్తి 0.40 దాటనివ్వకండి. సైటులో కవర్ బ్లాకులు (చువ్వకీ అచ్చుకీ మధ్య ఎడం ఉంచే చిన్న దిమ్మలు) సరిగ్గా పెట్టారో లేదో పోతకి ముందు మీలో ఒకరు కూర్చుని లెక్కపెట్టినా తప్పు లేదు. బాల్కనీ రెయిలింగ్ స్తంభాలను స్లాబులోకి గుచ్చి సిమెంటుతో పూడ్చే పద్ధతి వద్దు, నీరు అక్కడే నిలిచి స్లాబు అంచు పగులుతుంది. పక్క నుంచి బోల్టులతో బిగించండి, స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం తీసుకోండి.

ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కూలి 98 మంది చనిపోయిన సంగతి మీరు వినే ఉంటారు. 1981లో కట్టిన సముద్రతీర భవనం. ముందు పూల్ పక్కనున్న డెక్ స్లాబు (కింది పార్కింగ్‌కి కప్పు) కూలింది, కొన్ని నిమిషాలకి టవర్ పడింది. ఆ డెక్‌కు డిజైన్‌లోనే బలం చాలలేదని దర్యాప్తులో తేలింది. వాటర్‌ప్రూఫింగ్‌ను వాలు లేకుండా చదునుగా వేశారని, నీరు నిలిచి కింది కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఒక ఇంజనీరు రాసిచ్చారు. ఈ కథలో కొత్తగా కట్టేవాళ్లకు పనికొచ్చేది వాలు. పూల్ చుట్టూ, తోట కింద, పార్కింగ్ కప్పు మీద స్లాబునే వాలుగా పోయండి. పైన టైల్సు కింద సిమెంటుతో వాలు తెచ్చి సర్దుకుందాం అంటే ఒప్పుకోకండి. తర్వాతెప్పుడో ఎవరో అందంగా ఉంటుందని పెద్ద మొక్కల తొట్లు తెచ్చి పెడతారు. ఆ బరువు కూడా ఇప్పుడే లెక్కలో వేయించి, ఎంత దాకా పెట్టవచ్చో సంఘం పత్రాల్లో రాయించండి.

గోడల విషయంలో కెనడా పశ్చిమ తీరం పాఠం. బ్రిటిష్ కొలంబియాలో 1980, 90 దశకాల్లో కట్టిన వేలాది ఫ్లాట్లలోకి గాలివాన దూరి గోడలు లోపలే కుళ్లాయి. 1998లో ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. కిటికీల మీద సన్‌షేడ్లు లేవు, ఒక్క పూత మీదే నమ్మకం పెట్టారు, దూరిన నీరు బయటికి పోయే దారి లేదు. నీటి వైపు గోడకు పై పొర, లోపలి గోడ, మధ్య నీరు జారిపోయే ఖాళీ ఉండేలా కట్టించండి.

ఇక వ్యూ

నీటికి సమాంతరంగా పొడవాటి బ్లాకు కట్టి మధ్యలో కారిడార్ పెడితే సగం ఫ్లాట్లు రోడ్డు వైపే చూస్తాయి. పైగా వెనక ఊరికి గోడ కట్టినట్టవుతుంది, అనుమతుల దగ్గర అభ్యంతరాలు కూడా అక్కడే మొదలవుతాయి. టవర్ ఇరుకు వైపును నీటికి పెట్టి, గదులను కొంచెం ఏటవాలుగా తిప్పితే రెండు వైపులా ఫ్లాట్లకూ నీళ్లు పక్కగా కనబడతాయి. కెనడాలోని వాంకూవర్ వాళ్లు 1986 ప్రపంచ ప్రదర్శన (ఎక్స్‌పో 86) జరిగిన ఫాల్స్ క్రీక్ ఒడ్డున చేసింది దాదాపు ఇదే: కింద తక్కువ ఎత్తు వరస, దాని మీద సన్నటి టవర్లు, టవర్‌కీ టవర్‌కీ మధ్య బాగా ఎడం, ఒడ్డు వెంబడి అందరికీ నడక బాట. మీ మూడు టవర్లు కూడా ఒకదాని వెనక ఒకటి కాకుండా జరిపి పెడితే వెనకవాటికీ సందుల్లోంచి నీళ్లు అందుతాయి. నిజం చెప్పాలంటే నూటికి నూరు ఫ్లాట్లకూ సమానమైన వ్యూ రాదు. దాని కోసం పాకులాడితే వంటగదికి గాలి, పడకగదికి చల్లదనం పోతాయి.

కూర్చున్న మనిషి కంటి ఎత్తు 1.1 నుంచి 1.2 మీటర్లు. రెయిలింగ్ పై కమ్మీ కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. లావు కమ్మీ పెడితే సోఫాలో కూర్చున్నవాళ్లకి నీటికి బదులు ఇనుము కనబడుతుంది. కింది అంతస్తులకు దగ్గరి నీళ్లు, పడవలు కనిపిస్తాయి, పై అంతస్తులకు లోతైన బాల్కనీ ఉంటే దూరపు అంచు మాత్రమే మిగులుతుంది. కాబట్టి బాల్కనీ లోతు అన్ని అంతస్తుల్లో ఒకటే ఉండనక్కర్లేదు. పడమటి నీళ్లయితే సాయంత్రం ఎండ పైనుంచీ, నీటి మీద పడి కిందినుంచీ, రెండుసార్లు ఇంట్లోకొస్తుంది. పై సన్‌షేడ్ దాన్ని ఆపలేదు, పక్కకు జరిగే తడికల్లాంటివి కావాలి.

అనుమతులు గురించి ఒక్క మాట. తీరం నుంచి ఎంత వదలాలో ప్రతి చోటా వేరుగా ఉంటుంది, స్థానికంగా ఇచ్చిన ఒక్క కాగితాన్ని నమ్ముకోకండి. కొచ్చి పక్కన మరడులో జనం కాపురాలుంటున్న నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను ఖాళీ చేయించి, తీర నిబంధనల ఉల్లంఘన కింద సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. ఆ ఇళ్లు కొన్నవాళ్లు చేసిన తప్పు పెద్దగా ఏమీ లేదు. తీర రేఖను గుర్తింపు పొందిన సంస్థతో కొలిపించి, ఆ గీత మీ నిలువుకోత బొమ్మ మీద కూడా వేయించండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని: స్థలంలో నాలుగు చోట్ల బోర్లు వేయించి, వాటిలో గొట్టాలు వదిలి, ఒక పూర్తి వానాకాలం, ఒక ఎండాకాలం నీటిమట్టం రాయించండి. పౌర్ణమి, అమావాస్య పోటు రోజుల్లో పోటు సమయంలో ఒకసారి, పోటు తీశాక ఒకసారి. సముద్రంతో పాటు మీ ఊట మట్టం ఎంత ఊగుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఏడాది ఆగడం మీకు కష్టంగా అనిపిస్తుందని తెలుసు. పాత గోడ వివరాలూ తీర రేఖ కొలతా ఈలోపు పూర్తవుతాయి. మొదటి మూడు నెలల రీడింగులు రాగానే ఇక్కడ పెట్టండి, పార్కింగ్ దిమ్మె ఎంత ఎత్తు కావాలో కలిసి లెక్క వేద్దాం.